క్వాయ్ నది వంతెన: కల్నల్ చేసింది ద్రోహమా, తన మనుషుల్ని కాపాడుకోవడమా?

మూసీగట్టు (నల్లగొండ):

మొన్న ఆదివారం ఇంట్లో అందరం కూర్చుని ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’ చూశాం. 1957లో డేవిడ్ లీన్ తీసిన సినిమా, ఏడు ఆస్కార్లు వచ్చాయి. సినిమా ఆ రాత్రే అయిపోయింది గానీ, దాని మీద నాకూ మా తమ్ముడికీ మొదలైన గొడవ ఇంకా అయిపోలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నా.

చూడనివాళ్ళ కోసం కథ చెప్తా. 1943. జపాన్ సైన్యం థాయ్‌లాండ్ నుంచి బర్మాకు అడవిలో రైలు దారి వేస్తోంది. సింగపూర్‌లో లొంగిపోయిన బ్రిటిష్ సైనికుల్ని ఒక క్యాంపుకు తెచ్చి నది మీద వంతెన కట్టమంటారు. క్యాంపు అధికారి సైటో. ఆఫీసర్లు కూడా తట్టా పారా పట్టాల్సిందే అంటాడు. బ్రిటిష్ కల్నల్ నికల్సన్ జెనీవా ఒప్పందం పుస్తకం తీసి, ఆఫీసర్ల చేత కూలి పని చేయించకూడదని రాసి ఉంది చూడమంటాడు. సైటో అదే పుస్తకంతో అతని మొహం మీద కొడతాడు. తర్వాత రేకుల డబ్బాలో వేసి ఎండలో మూసిపెడతాడు. ఎన్ని రోజులైనా కల్నల్ లొంగడు. చివరికి సైటోనే, రష్యా మీద జపాన్ గెలిచిన రోజు అని ఒక సాకు చెప్పుకుని, దిగొస్తాడు. కాళ్ళు తడబడుతూ కల్నల్ బయటికి వస్తుంటే సైనికుల సంబరం చూడాలి.

ఇక్కడి దాకా మా ఇంట్లో అందరిదీ ఒకటే మాట. తేడా ఇక్కడి నుంచి వచ్చింది. కల్నల్ లోపల ఉన్నన్ని రోజులు అతని సైనికులు కావాలనే పని చెడగొట్టారు. బయటికొచ్చి అది చూసి అతనికి కోపం వచ్చింది. ఇట్లా పోతే వీళ్ళు సైనికులుగా మిగలరు, గుంపు అయిపోతారు అనుకున్నాడు. వంతెన స్థలం మార్చి, తన ఇంజినీర్లతో కొత్తగా ప్లాన్ వేయించి, జపాన్ వాళ్ళు కలలో కూడా అనుకోనంత గట్టిగా కట్టించాడు. చివర్లో దాన్ని పేల్చడానికి బ్రిటిష్ కమాండోలే వస్తారు. రాత్రికి రాత్రి నదిలో నీళ్ళు తగ్గి పేలుడు వైరు బయటపడుతుంది. దాన్ని కనిపెట్టి సైటోను వెంటబెట్టుకుని కిందికి పోయేది ఈ నికల్సనే.

నా మాట ఏమిటంటే, అతను ద్రోహి కాడు. అక్కడ సమాధులు తవ్వడమే రోజువారీ పనిగా ఉంది. అట్లాంటి చోట మనుషులకు తల ఎత్తుకునే ఒక కారణం ఇచ్చాడు. చివర్లో తప్పు చేశాడు, ఒప్పుకుంటా. దాన్ని పట్టుకుని మొత్తం మనిషిని ద్రోహి అనడం న్యాయం కాదు. మా తమ్ముడు మాత్రం మొదటి మేకు కొట్టినప్పుడే ద్రోహి అయ్యాడంటాడు.

వేములపల్లి (మిర్యాలగూడ దగ్గర):

తమ్ముడిదే కరెక్ట్. ఆ వంతెన మీద పోయేది పెళ్ళి బస్సు కాదన్నా, మిలిటరీ రైలు. ఆ దారి బర్మాలో ఉన్న జపాన్ సైన్యానికి సామాను చేరవేయడానికి వేసింది. 1944లో అదే సైన్యం ఇంఫాల్, కొహిమా దాకా వచ్చింది. వంతెన ఎంత గట్టిగా ఉంటే అవతల తనవాళ్ళు అంత ఎక్కువ చస్తారు. లెక్క అంతే.

చరిత్ర_టీచర్ (సూర్యాపేట):

ఒక విషయం ఎవరూ గమనించడం లేదు. నికల్సన్ చూపించేది 1929 జెనీవా ఒప్పందం. అందులో 27వ అధికరణం ఆఫీసర్ల చేత బలవంతంగా పని చేయించకూడదంటుంది. అదే ఒప్పందంలో నాలుగు అధికరణాలు దాటితే 31వది ఉంది: ఖైదీల చేత యుద్ధ కార్యకలాపాలతో నేరుగా సంబంధం ఉన్న పని చేయించకూడదు. అంటే ఆ వంతెన పని ఆఫీసర్లకే కాదు, మామూలు సిపాయికి కూడా చెప్పకూడని పని. తన హోదాకు సంబంధించిన వాక్యం కోసం ప్రాణం ఇవ్వడానికి సిద్ధపడ్డ మనిషి, తన సిపాయిలందరికీ సంబంధించిన వాక్యం గురించి ఒక్క మాట మాట్లాడడు. నాకు అతని మీద గౌరవం పోయింది అక్కడే. (జపాన్ ఆ ఒప్పందం మీద సంతకం చేసింది గానీ తర్వాత ఆమోదించలేదు. కాబట్టి సైటో ఎట్లాగూ వినేవాడు కాదు. కానీ మనం మాట్లాడుకుంటున్నది నికల్సన్ గురించి.)

ఇంకొకటి. పని గడువులోపు కాదని తెలిశాక అదే ఆఫీసర్ల చేత అతనే స్వయంగా పని చేయిస్తాడు! దేని కోసమైతే రేకుల డబ్బాలో ఉడికాడో దాన్ని వంతెన కోసం తన చేతులతోనే ఇచ్చేశాడు. సైటో కొట్టినా తిట్టినా సాధించలేనిది వంతెన మీద మోజు సాధించింది.

సినిమాను చరిత్ర అనుకోవద్దని కూడా చెప్పాలి. అసలు రైలు దారి 415 కిలోమీటర్లు, 1942లో మొదలై 1943 అక్టోబరులో పూర్తయింది. 60,000 మందికి పైగా యుద్ధ ఖైదీలు పనిచేస్తే 12,000 మందికి పైగా చనిపోయారు. నిజంగా ఆ వంతెన దగ్గర ఉన్న బ్రిటిష్ అధికారి ఫిలిప్ టూసీ. ఆయన నికల్సన్ లాంటివాడు కాదని అక్కడ బతికి బయటపడ్డవాళ్ళు గట్టిగా చెప్పారు. పైకి పని చేయిస్తూనే, కాంక్రీటు సరిగ్గా కలపకుండా, కొయ్య దూలాల్లోకి చెదపురుగుల్ని ఏరి తెచ్చి వదిలేవాళ్ళట. తన మనుషుల కోసం దెబ్బలు తిన్నాడు, శత్రువు పనీ పాడు చేశాడు. రెండూ ఒక్కసారి చెయ్యొచ్చని ఆయన చూపించాడు.

మూసీగట్టు:

టీచర్ గారూ, 31వ అధికరణం సంగతి నాకు తెలియదు. ఆలోచించాల్సిన మాటే. కానీ టూసీకి చెదపురుగులు సాధ్యమయ్యాయంటే అక్కడ కూడా పని నడిచింది కాబట్టే కదా? పని పూర్తిగా ఆపితే తుపాకీ. ఆ క్యాంపు డాక్టరు క్లిప్టన్ ఒక్కడే నికల్సన్‌ను సూటిగా అడుగుతాడు, ఇది శత్రువుకు సాయం కాదా అని. డాక్టరు దగ్గర ప్రశ్న ఉంది గానీ వేరే దారి లేదు.

రిటైర్డ్_జవాన్ (దేవరకొండ):

నేను 19 ఏళ్ళు సర్వీసు చేశాను. బందీగా ఎప్పుడూ లేను, కాబట్టి పెద్ద మాటలు మాట్లాడను. ఒకటి మాత్రం తెలుసు. పని లేకుండా ఖాళీగా కూర్చున్న ప్లటూన్ మూడు వారాల్లో పాడైపోతుంది. గడ్డం గీసుకోవడం మానేస్తారు, తర్వాత బూటు పాలిష్, ఆ తర్వాత ఒకరి నీళ్ళ సీసా ఒకరు దొంగిలించడం. నికల్సన్ భయం నాకు అర్థమైంది. వాళ్ళు మొదట క్యాంపులోకి ఈల వేసుకుంటూ కవాతు చేస్తూ వచ్చే సీన్‌లో బూట్లు చూడండి. అడుగులు ఊడిపోయి ఉన్నాయి, అయినా అడుగు తప్పలేదు. అది నిలబెట్టింది అతనే.

కానీ తప్పించుకునే ప్రయత్నం కూడా చెయ్యొద్దంటాడు చూశారా? పైనుంచి లొంగిపొమ్మని ఆర్డర్ వచ్చింది కాబట్టి పారిపోతే ఆర్డర్ ధిక్కరించినట్టు అంటాడు. అక్కడ నేను అతన్ని వదిలేశాను. బందీకి మిగిలిన డ్యూటీ అదొక్కటే.

ఇంకో మాట అడుగుతా. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. రెండు రోజుల తర్వాత ఫారర్ పార్కులో మన భారతీయ సిపాయిల్ని తెల్లవాళ్ళ నుంచి వేరు చేసి జపాన్ చేతికి అప్పగించారు. వేలమంది ఆజాద్ హింద్ ఫౌజ్‌లో చేరారు. వేలమంది చేరలేదు, వాళ్ళలో చాలామందిని న్యూగినీ దాకా తీసుకుపోయి కూలి పని చేయించారు. మన నిజాం సంస్థానపు ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ కూడా 1941 డిసెంబరులో మలయాలో, కోటా బారు విమానాశ్రయం దగ్గరే ఉంది. ఫౌజ్‌లో చేరినవాళ్ళను 1945 నవంబరులో ఎర్రకోటలో బోనెక్కించారు. దేశం మాత్రం వాళ్ళను నెత్తిన పెట్టుకుంది. చేరనివాళ్ళు మాట తప్పనివాళ్ళు. మరి ఇద్దరిలో ద్రోహి ఎవరు? నాకు ఇద్దరూ కారు. అందుకే ఈ సినిమా చూసి ఒక్క మాటలో తీర్పు చెప్పేవాళ్ళంటే నాకు భయం.

వేములపల్లి:

జవాన్ సార్, ఫౌజ్‌లో చేరినవాళ్ళు తమ దేశం కోసం చేరారు. నికల్సన్ ఎవరి కోసం కట్టాడు? అదే తేడా.

పాలమూరు_బిడ్డ (నారాయణపేట వైపు):

మీ చర్చ నాయినకు చదివి వినిపించా. అంతకుముందు సినిమా కూడా ఫోన్‌లో చూపించా. ఇంగ్లీషు రాదు, నేను పక్కన కూర్చుని చెప్తూ పోయాను. ఆయన చెప్పింది ఇక్కడ పెట్టకుండా ఉండలేకపోతున్నా.

మా తాత నాగార్జునసాగర్ కట్టపని చేశాడు. నాయిన శ్రీశైలం డ్యామ్ పనికి పోయాడు, తర్వాత దేశంలో ఎక్కడెక్కడికో. పాలమూరు లేబర్ అంటే తెలియనివాళ్ళు ఉండరు కదా. మీలో చాలామందికి తెలియంది గుంపు మేస్త్రీ సంగతి. కాంట్రాక్టర్ నేరుగా కూలీని పిలవడు. ఊళ్ళో ఒక మేస్త్రీ ఉంటాడు, మనవాడే, వరసకు బావో మామో అవుతాడు. కాంట్రాక్టర్ దగ్గర పైసలు తెచ్చి ఇంటింటికీ అడ్వాన్స్ పంచుతాడు. ఆ బాకీ తీరేదాకా మొగుడూ పెళ్ళాం ఇద్దరూ పోయి పని చెయ్యాలి. నెలకు ఇంత అని, తిండి అక్కడే. సుస్తీ చేస్తే ఆ రోజు లెక్కలోకి రాదు, ఊరికి వచ్చే రోజు వెనక్కి జరుగుతుంది.

సినిమాలో ఆస్పత్రి పాక సీన్ ఉంది. గడువు దగ్గర పడుతోంది, మనుషులు చాలడం లేదు. నికల్సన్ డాక్టరు దగ్గరకు వచ్చి మంచాల మధ్య నడుస్తాడు. గద్దించడు. ప్రేమగా పలకరిస్తాడు. కొంచెం గాలి తగిలితే మీకే మంచిది, తేలిక పనే అంటాడు. కట్లు కట్టుకున్నవాళ్ళు, కర్ర పట్టుకున్నవాళ్ళు లేచి అతని వెనక పోతారు. డాక్టరు చూస్తూ నిలబడతాడు.

నాయిన ఫోన్ నా చేతిలోంచి తీసుకున్నాడు. “ఆపు. మల్ల పెట్టు” అన్నాడు. మళ్ళీ పెట్టాను. చూసి అన్నాడు, “గీయన కల్నల్ కాదు రా, మేస్త్రీ. మా మేస్త్రీ గిట్లనే వస్తుండె. నాకు జరం వచ్చి రేకుల షెడ్డుల పండుకుంటే గొంతుకూసోని నా కాలు మీద చెయ్యేసి, అల్లుడా, లేసి నాలుగు తట్టలు మోస్తె చెమట పట్టి జరమే పోతది అంటుండె. కాంట్రాక్టరు అంటె లేవకపోతుంటి. ఆయన అంటె లేస్తుంటి.”

నాకు ఈ సినిమాలో అసలు ప్రశ్న అదే అనిపిస్తోంది. సైటో ఎంత అరిచినా ఆ సైనికుల చేత ఆ పని చేయించలేకపోయాడు. నికల్సన్ మెల్లగా చెప్పి చేయించాడు. నమ్మిన మనిషి కాబట్టి. మంచి పని చేసిన కూలీ ద్రోహి కాడు. రాయి వంకరగా పెడితే నాయినకు ఈ రోజుకీ నిద్ర పట్టదు, అది ఎవరి గోడ అయినా సరే. సిపాయి మంచి వంతెన కట్టాడంటే నేను తప్పు పట్టను, వాడి చేతికి అట్లా అలవాటు. కానీ వాడి మీద వాడికున్న ఆ గౌరవాన్ని పట్టుకుని వాడిని మంచంలోంచి లేపినవాడు వేరు. మూసీగట్టు అన్నా, మీరు ఇద్దరినీ కలిపి మాట్లాడుతున్నారు.

సోమశిల_నీళ్ళు (కొల్లాపూర్):

మా తాత శ్రీశైలం డ్యామ్‌కు రాయి మోశాడు. 1981లో ఆ నీళ్ళలోనే మా ఊరు మునిగింది. ఆయన బతికున్నన్నాళ్ళూ ఎవరైనా డ్యామ్ గట్టితనం గురించి మాట్లాడితే సంతోషపడేవాడు. ఊరి గురించి మాట్లాడితే లేచి పోయేవాడు. నికల్సన్ చివర్లో తను చేసింది ఏమిటో తెలిసి నిలబడిపోయినప్పుడు నాకు తాతే గుర్తొచ్చాడు. ద్రోహి అనే మాట నా నోటికి రాదు.

మూసీగట్టు:

పాలమూరు అన్నా, మీ నాయిన మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయా. అయినా ఒక తేడా చెప్తా. మేస్త్రీకి తలకింత కమీషన్ ఉంటుంది. నికల్సన్‌కు ఏం ముట్టింది? అతనూ అదే గటక తాగాడు, అదే పాకలో పడుకున్నాడు. తన లాభం లేనివాణ్ణి మేస్త్రీతో ఎట్లా పోలుస్తాం?

పాలమూరు_బిడ్డ:

ముట్టింది అన్నా. పని అయిపోయాక వంతెనకు ఒక పలక కొట్టిస్తాడు, బ్రిటిష్ సైనికులు దీన్ని కట్టారు అని, 1943 ఫిబ్రవరి నుంచి మే దాకా అని. అదే అతని కమీషన్. ఆ సాయంత్రం సీన్ మళ్ళీ చూడండి. పొద్దు గూకుతుంటే వంతెన మీద సైటో పక్కన నిలబడి, 28 ఏళ్ళ సర్వీసులో ఇంట్లో ఉన్నది ఏడాది కూడా లేదంటాడు, నా బతుకు వల్ల ఎవరికైనా తేడా పడిందా అని ఆలోచిస్తానంటాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ చేతిలోని కర్ర నదిలోకి జారిపోతుంది. ఆ మనిషికి పైసలు అక్కర్లేదు. తన పేరు మీద ఒకటి మిగలాలి. దాని కోసం జబ్బు మనిషిని లేపాడు. పైసల కోసం లేపినవాడి మీద కనీసం కోపం వస్తుంది.

తుంగతుర్తి_అక్క:

తమ్ముళ్ళూ, రెండు రోజులుగా చదువుతున్నా. అందరూ ఆ కల్నల్ చుట్టే తిరుగుతున్నారు. కమాండోల సామాను మోసుకుంటూ కొండలు ఎక్కిన ఆ ఊరి ఆడపిల్లలు ఎవరికీ కనపడలేదా? చివర్లో వంతెన కాడ గోల జరుగుతుంటే, పైన కూర్చున్న కమాండోల అధికారి వార్డెన్ తన మనుషులు పడి ఉన్నచోటికే గుండ్లు వేస్తాడు. ప్రాణంతో పట్టుబడకుండా అలా చేయాల్సి వచ్చిందని ఆ ఆడపిల్లలకు చెప్పుకుంటాడు. వాళ్ళు అతన్ని చూస్తూ వెనక్కి జరుగుతారు. సినిమాలో పెద్దగా మాటలే లేని మనుషులు వాళ్ళు. నాకు ఆ చూపే తీర్పు.

మా అమ్మమ్మ సాయుధ పోరాటం నాటి మనిషి. 1948 సెప్టెంబరులో రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది. దళాల కోసం వెతుకులాట 1951 దాకా నడిచింది. అమ్మమ్మ అడుగున గటక ముంత పెట్టి, పైన పెండ కప్పి, ఆ పెండగంప నెత్తిన పెట్టుకుని చేను దాకా పోయేది. దారిలో ఆపినా పెండలో చెయ్యి పెట్టే సిపాయి ఉండడు కదా. రాత్రి దళానికి అన్నం, పొద్దున క్యాంపులో మిలిటరీకి నీళ్ళు, రొట్టెలు. చెయ్యనంటే ఇల్లు సోదా. రెండు పనులూ ఒకే చేతులతో చేసింది. మిలిటరీకి రొట్టెలు కాల్చింది కాబట్టి ద్రోహి అని దళంలో ఒకడు అన్నాడట. ఆ మాట చనిపోయేదాకా మర్చిపోలేదు. మిలిటరీవాళ్ళు కొట్టిన దెబ్బలు మర్చిపోయింది గానీ ఆ మాట మర్చిపోలేదు.

అందుకే చెప్తున్నా. ఆ మాట వాడేముందు ఎదుటి మనిషికి ఎంత వెసులుబాటు ఉందో చూడాలి. అమ్మమ్మకు లేదు. సిపాయికి కొంచెమే ఉంది. కల్నల్‌కు చాలా ఉంది. సైటోను గెలిచిన రోజున అతను ఏం అడిగినా నడిచేది. మందులు అడగొచ్చు, తిండి అడగొచ్చు. వంతెన అడిగాడు.

చరిత్ర_టీచర్:

అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతాను. సినిమాలో అసలు లేనే లేనివాళ్ళు ఇంకొందరు ఉన్నారు. ఆ రైలు దారి పనిలో తెల్ల ఖైదీల కంటే ఆసియా కూలీలే చాలా ఎక్కువ. బర్మా, మలయా, జావా నుంచి తెచ్చినవాళ్ళు లక్షన్నరకు పైనే. 90,000 దాకా చనిపోయారని అంచనా. మలయా రబ్బరు తోటల నుంచి లారీల్లో తీసుకుపోయిన వాళ్ళలో చాలామంది దక్షిణాది కూలీలు, ముఖ్యంగా తమిళులు. ఖైదీల్లో చనిపోయినవాళ్ళకు అక్కడ వరసగా రాళ్ళు పెట్టిన శ్మశానాలు ఉన్నాయి. ఈ కూలీలకు అట్లాంటివి లేవు. వాళ్ళ తరఫున మాట్లాడే కల్నల్ లేడు, చూపించడానికి జెనీవా పుస్తకం లేదు, చాలా క్యాంపుల్లో డాక్టరు కూడా లేడు. ఈ కథ మొదట నవలగా రాసిన పియెర్ బూల్ స్వయంగా మలయా రబ్బరు తోటల్లో ఇంజినీరుగా పనిచేసినవాడు. ఆ కూలీల్ని రోజూ చూసినవాడే. అయినా కథలో వాళ్ళకు చోటు దొరకలేదు. ఇది నన్ను నికల్సన్ తప్పు కంటే ఎక్కువ బాధపెడుతోంది.

రిటైర్డ్_జవాన్:

టీచరమ్మా, ఈ సంగతి 19 ఏళ్ళలో మాకు ఎక్కడా చెప్పలేదు. సింగపూర్ పాఠం చెప్పారు, ఇంఫాల్ పాఠం చెప్పారు, రైలు దారి కూలీల పాఠం లేదు.

మూసీగట్టు:

రాత్రి తమ్ముడూ నేనూ ఆ ఆస్పత్రి సీన్ ఇంకోసారి చూశాం. మొదటిసారి చూసినప్పుడు అది నాకు మంచి నాయకుడి సీన్‌లా కనపడింది. నిజం చెప్తున్నా, కళ్ళు చెమర్చాయి కూడా. ఈసారి డాక్టరు మొహం చూశాను. వంతెన గురించి నా మాట మార్చుకోను, పని వాళ్ళను నిలబెట్టిందనే అంటా. ఆ పాకలోకి పోవడం గురించి మార్చుకున్నా.

పాలమూరు అన్నా, మీ నాయినను ఒక మాట అడిగి చెప్తావా? ఆ మేస్త్రీ తర్వాత ఎప్పుడైనా కనపడ్డాడా?

పాలమూరు_బిడ్డ:

అడిగాను. కనపడడం ఏంటన్నా, మా అక్క పెళ్ళికి వచ్చాడు. నాయినే స్వయంగా పోయి పిలిచాడట. పంక్తిలో తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. అప్పటికి మేస్త్రీకి చూపు సరిగ్గా లేదు. విస్తరిలో ఏది ఎక్కడుందో నాయినే చెయ్యి పట్టి చూపించాడట.